యుద్ధము ముగిసిన పిమ్మట: నిరాశ్రయ సైనికుడు, కారాగారము, నవల

వీరమరణము నొందినవానికి మన పూర్వులు శిలను నిలిపిరి. కన్నడసీమయందును, తమిళసీమయందును, తెలుగునాటను ఊరి పొలిమేరలయందు నేటికిని కనబడు వీరగల్లులే యిందులకు సాక్ష్యము. ఆలమందలను మరల్చబోయి కూలినవాడును, ఊరికొరకు ప్రాణము లిచ్చినవాడును ఆ రాతిపై ఆయుధము పట్టి నిలిచియున్నారు. పాశ్చాత్యులును ఈ మర్యాదను మరువలేదు. 1920లో లండనునందును, పారిసునందును, 1921లో అమెరికాలోని ఆర్లింగ్టనునందును పేరు తెలియని సైనికునికి సమాధులు వెలసినవి. అయితే చావక తిరిగివచ్చినవాని మాట యేమి? అతనికి శిలతో పనిలేదు. తల దాచుకొనుటకు గూడు కావలెను. చేతికి పని కావలెను. ఆ రెండును దొరకక వీథిని బడి, వీథినుండి చెరసాలకు చేరిన సైనికుడు ఆధునిక సాహిత్యమున ఎట్లు నిలిచియున్నాడో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశ్యము.

ఇట్టి కథలను గూర్చి సామాన్యముగా వినవచ్చు వ్యాఖ్యానమొకటి కలదు. యుద్ధము మనసును చెడగొట్టును; చెడిన మనసు నడవడిని చెడగొట్టును; చెడిన నడవడి మనుష్యుని చెరసాలకు గొనిపోవును. ఈ తర్కము వినుటకు దయతో గూడినదివలె నుండును. కాని దీనియందొక ప్రమాదము దాగియున్నది. ఈ వ్యాఖ్యానము ననుసరించి తిరిగివచ్చిన ప్రతి సైనికుడును ఎప్పుడో యొకప్పుడు పేలబోవు తుపాకి యగును. దోషమంతయు గతించిన యుద్ధముపైనను, అతని లోపలి గాయముపైనను పడును. అతనిని వాకిట నిలిపి తలుపు మూసిన సంఘము మాత్రము నిర్దోషియై తప్పించుకొనును. 1924, 1932, 1942, 1972 సంవత్సరములలో వేరువేరు దేశముల రచయితలు వెలువరించిన నాలుగు గ్రంథములను చదివినచో ఈ వ్యాఖ్యానము నిలువజాలదు. ఆ నాలుగింటను యుద్ధమునకును చెరసాలకును నడుమ ఒక దారి కలదు. ఆ దారి పేరు ఇల్లులేమి. ఆ యిల్లులేమినే నేరముగా నెంచిన చట్టము ఆ దారికి కాపలా కాయుచున్నది.

గ్రంథముల కథ చెప్పుటకు ముందు చట్టము కథ కొంత చెప్పక తప్పదు. ఇంగ్లండులో ఎలిజబెత్తు రాణి కాలమున, 1593లో, గాయపడి వచ్చిన సైనికులకు గ్రామపు పన్నులనుండి భరణము నొసగు శాసనము వెలసినది. దయగల శాసనమే. కాని 1597–98లో వేరొక శాసనము తోడయ్యెను. సైనికులమనియు నావికులమనియు చెప్పుకొనుచు దారుల వెంట తిరుగువారిని అది నేరస్థులుగా నెంచెను. రేవున దిగిన సైనికుడు సమీపముననున్న న్యాయాధికారి యొద్ద యోగ్యతాపత్రము గైకొని, అందు వ్రాసిన గడువులోపల స్వస్థానము చేరవలెను. పత్రము లేనివాడు ఘోరాపరాధి. అనగా స్వస్థానము గలవాడు సైనికుడు. అది లేనివాడు దొంగ. ఒక్క మనుష్యుడే చేతిలోని కాగితమునుబట్టి ఇటో అటో యగుచున్నాడు.

నెపోలియనుతో జరిగిన యుద్ధములు 1815లో ముగిసిన పిమ్మట సైన్యమునుండి విడుదలై పనిలేక తిరుగువారి సంఖ్య మిక్కిలి పెరిగెను. 1824లో బ్రిటిషు పార్లమెంటు దేశదిమ్మరుల చట్టమును చేసెను. ఆరుబయట నిదురించి తన జీవనాధారమును చూపలేకపోవుట అందొక నేరము. గాయములను, అంగవైకల్యమును చూపి బిచ్చమెత్తుట మరియొక నేరము. యుద్ధమున కాలు పోగొట్టుకొన్నవాడు ఆ మోడుకాలును చూపి చేయి చాచినచో చెరసాలకు పోవలెను. ఏరు దాటి తెప్ప తగులబెట్టుట యనిన ఇదియే. ఈ చట్టపు టూహ సముద్రములను దాటినది. 1869, 1874 సంవత్సరములలో భారతదేశమున ఐరోపా దిమ్మరులకొరకు చేసిన చట్టములకు గురియైనవారిలో కొలువు చాలించిన తెల్లసిపాయిలు నుండిరి. 1959 నాటి బొంబాయి బిచ్చగాండ్ర నిరోధ చట్టమునందును జీవనాధారము కనబడక తిరుగుటయు, గాయములను చూపి అడుగుటయు దండనీయములుగనే నిలిచినవి. ఒకటినుండి మూడేండ్లవరకు నిర్బంధము విధింపవచ్చునని దానియందున్నది. ఈ చట్టమును ఢిల్లీకి వర్తింపజేసిన నిబంధనలలో పెక్కింటిని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసినది.

ఈ నేపథ్యమున జోసెఫ్ రోట్ రచించిన ‘తిరుగుబాటు’ అను జర్మను నవలను ముందుగా చూడవలెను. ఇది 1924లో వెలువడినది. రోట్ ఆస్ట్రియా సామ్రాజ్యపు తూర్పుకొసనున్న బ్రోడీ యను పట్టణమున 1894లో జన్మించి, మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమున పనిచేసి, సామ్రాజ్యము కూలిన పిమ్మట స్థిరమైన గృహమెరుగక హోటలుగదులలో జీవించి, 1939లో పారిసున మరణించినవాడు. ఇల్లులేమి యనగా నేమో అతనికి పుస్తకములు చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను.

నవలానాయకుడు ఆండ్రియాస్ పూమ్. యుద్ధమున నొక కాలు పోయినది. ఒక పతకము వచ్చినది. ఆసుపత్రిలో తోడి వికలాంగులు ప్రభుత్వమును నిందించుచుండగా అతడు వారిని నాస్తికులనుగా చూచును. అతని దృష్టిలో ప్రభుత్వము దేవునికి దగ్గరి చుట్టము. అడిగినవానికి ఇచ్చును, అణగియుండినవానిని కాపాడును. వైద్యుల సంఘము పరీక్షింప వచ్చిననాడు అతని శరీరము గడగడ వడకెను. ఆ వడకు చూచి వారు అతనికి చేతితో త్రిప్పు వాద్యపేటికను వాయించుకొని బ్రతుకుటకు లైసెన్సు మంజూరు చేసిరి. ఆ కాగితముతో అతనికి జీవితము మొదలైనది. కాథరీనా యను వితంతువు అతనిని పెండ్లాడినది. ఆమె కూతురు అతనిని తండ్రిగా చేరదీసినది. వాద్యమును మోయుటకు గాడిద యొకటి వచ్చినది. ఒక యిల్లు, ఒక పడక, ఒక పొయ్యి అమరినవి.

పతనము ట్రాముబండిలో ప్రారంభమయ్యెను. తన సొంత చిక్కులతో చిరాకుపడియున్న ధనికుడొకడు ఈ కుంటివానిని చూచి మోసగాడని నిందించెను. మాటకు మాట పెరిగెను. పోలీసువాడు వచ్చి పూమ్ యొద్ద నున్న లైసెన్సును లాగికొనెను. పూమ్ చేయి చేసికొనెను. అంతే. లైసెన్సు పోయినది, భార్య అతనిని వెళ్లగొట్టి వేరొక పోలీసువానిని చేరదీసినది, గాడిదను అమ్మివేసినది, న్యాయస్థానము ఆరువారముల కారాగారమును విధించినది. ఆ ఆరువారములలో అతడు ముదుసలి యయ్యెను. చెరలో అతడు కోరిన దొక్కటే: కిటికీ యొద్దకు వచ్చు పక్షులకు రొట్టెముక్కలు వేయుటకు అనుమతి. నిబంధన అడ్డువచ్చినది. విడుదలయిన పిమ్మట ఒక కాఫీశాలలో మరుగుదొడ్డికి కాపరియై, అచటనే ప్రాణము విడిచెను. తుదిని దివ్యన్యాయస్థానమున దేవుడు దయచూపగా, ఆ దయను అతడు నిరాకరించుటతో నవల ముగియును.

ఈ నవలయందు గమనింపదగిన విషయమేమనగా, పూమ్ చేసిన ఏకైక హింస పోలీసువానిపై ఎత్తిన చేయి. అది యుద్ధము నేర్పిన హింస గాదు. కాగితమును లాగికొన్నంతనే ఇల్లు కూలునని తెలిసినవాని తత్తరపాటు. లైసెన్సు అతనికి జీవనాధారము మాత్రమే గాదు. తాను దొంగను గాను, దిమ్మరిని గానని లోకమునకు చూపు ఋజువు. ఎలిజబెత్తు నాటి యోగ్యతాపత్రమే మూడు శతాబ్దములు గడచిన పిమ్మట వాద్యపేటిక లైసెన్సుగా మారువేషము వేసికొనినది. ఆ సామ్యమును రోట్ ఎచటను వివరింపడు. ఒక కాగితమును చేతినుండి తీసికొని, ఆ పిమ్మట ఏమేమి కూలునో వరుసగా చూపును. ఆ వరుసయే నవల.

రెండవ గ్రంథము నవల గాదు, ఆత్మకథ. రాబర్ట్ ఇలియట్ బర్న్స్ మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యముతో ఫ్రాన్సునకు పోయి తిరిగివచ్చినవాడు. వచ్చునప్పటికి అతని పూర్వపు టుద్యోగము వేరొకరి చేతిలో నున్నది. ఊరూర తిరిగి 1922లో జార్జియా రాష్ట్రపు అట్లాంటా నగరమునకు చేరెను. అచట మరి యిద్దరితో కలిసి ఒక కిరాణా దుకాణమును దోచెను. దొరికిన సొమ్ము 5 డాలర్ల 80 సెంట్లు. పడిన శిక్ష ఆరునుండి పదేండ్ల కఠినశ్రమ. కాళ్లకు గొలుసులు వేసి రోడ్లపై రాళ్లు కొట్టించు ఖైదీలదండులో అతడు చేర్చబడెను. అదే సంవత్సరము పారిపోయి, షికాగో చేరి, పత్రికాధిపతియై ఏడేండ్లు గౌరవముగా జీవించెను. 1929లో భార్యవలన రహస్యము వెల్లడికాగా, అధికారుల హామీని నమ్మి తనంత తానే జార్జియాకు మరలెను. హామీ నిలువలేదు. 1930లో రెండవమారు పారిపోయెను. అజ్ఞాతవాసమున వ్రాసిన ఆత్మకథ 1932లో పుస్తకముగా వచ్చినది. అదే సంవత్సరము మెర్విన్ లెరాయ్ దర్శకత్వమున, పాల్ మ్యూని నాయకుడుగా చలనచిత్రమును వెలువడినది. 1945లో మాత్రమే అతని శిక్ష అంతవరకు అనుభవించిన కాలమునకు కుదింపబడి అతడు స్వేచ్ఛ నొందెను.

చలనచిత్రమున నొక సన్నివేశము ఈ విషయమంతటికిని తాళపుచెవి వంటిది. ఆకలిగొన్న నాయకుడు తన యుద్ధపతకమును తాకట్టు దుకాణమునకు గొనిపోవును. దుకాణదారుడు మారుమాట లేక అటువంటి పతకములతో నిండిన పెట్టె నొకదానిని చూపును. సంఘము పతకమునకు కట్టిన వెల యెంతయో ఆ మౌనము చెప్పును. అది వెలువడిన కాలమును కూడ మరువరాదు. 1932 వేసవిలో వేలకొలది విశ్రాంత సైనికులు, పెక్కుమంది భార్యాబిడ్డలతో సహా, 1945లో గాని చేతికిరాని యుద్ధభరణమును ముందుగా నిప్పింపుమని వాషింగ్టను నగరమున గుడిసెలు వేసికొని కూర్చుండిరి. జూలై 28న ప్రభుత్వము సైన్యమును పంపి వారిని తరిమించెను, గుడిసెలు కాలిపోయినవి. నాటి సైనికులు నాటి సైనికులనే తరిమిరి. నవంబరులో ఈ చిత్రము తెరపైకి వచ్చినది. చూచువారికి వ్యాఖ్యానము అక్కరలేకపోయెను.

కళాదృష్టితో చూచినచో బర్న్స్ ఆత్మకథలో లోపములు కలవు. అతడు తన్ను తాను సమర్థించుకొనుటలో తొందర చూపును. దోపిడిలో తన పాత్రను వీలైనంత తగ్గించి చెప్పును. కాని అతడు ఎంతమాత్రము కల్పింపనక్కరలేని సత్యమొకటి అతని కథలోనే యున్నది. షికాగోలో ఇల్లును, వృత్తియు అమరిన ఏడేండ్లలో అతడు మర్యాదస్థుడైన పౌరుడు. యుద్ధమువలన అతని స్వభావమే చెడినయెడల ఆ ఏడేండ్లు ఎట్లు గడచెను? నిరాశ్రయుడైయున్న కొలదికాలములో నేరము. ఆశ్రయము దొరికిన దీర్ఘకాలములో సద్వర్తనము. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమును కోర్టులును కోరవు.

మూడవ గ్రంథము భారతీయునిది. ముల్క్ రాజ్ ఆనంద్ పంజాబు రైతుబిడ్డ లాల్‌సింగును నాయకునిగా గైకొని మూడు ఆంగ్లనవలలు రచించెను. చివరిదియగు ‘ఖడ్గము – కొడవలి’ 1942లో వెలువడినది. ఫ్రాన్సు భూములలో బ్రిటిషు సామ్రాజ్యము కొరకు పోరాడి, జర్మనుల చేత చిక్కి, బందీగా కాలము గడపి లాల్‌సింగు ఊరు చేరును. చేరునప్పటికి కుటుంబము చితికిపోయినది, భూమి చేయిదాటినది, ఆశించిన బహుమానము లభింపలేదు. శత్రువు చెరలో నుండి వచ్చినవాడని సర్కారునకు అతనిపై అనుమానము. తాడిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురు గదా! అతడు అయోధ్యా మండలపు రైతుల ఉద్యమమున చేరి, తుదకు చెరసాల పాలగును. రోట్ నాయకుడు ఒంటరిగా కూలినవాడు. బర్న్స్ ఒంటరిగా పారిపోయినవాడు. లాల్‌సింగు మాత్రము తన యిల్లులేమిని తోడిరైతుల భూమిలేమితో కలిపి చూచెను. ఈ దృష్టి మిగిలిన మూడింటను లేదు. ఆనంద్ నవలలో ఉపన్యాసములు హెచ్చు, సంభాషణలు సాగతీతలు అను ఆక్షేపణలు సహేతుకములే. ఐనను సైనికుని యిల్లును, రైతు పొలమును ఒక్కటిగా గ్రహించినందులకు ఆ నవలకు గౌరవస్థాన మీయవలెను. భారతదేశమున సైనికుడనగా సామాన్యముగా పొలము విడిచి వచ్చిన రైతే గదా.

నాలుగవది డేవిడ్ మొరెల్ వ్రాసిన ‘ఫస్ట్ బ్లడ్’. ఇది 1972లో వెలువడినది. వియత్నాం యుద్ధమునుండి తిరిగివచ్చిన రాంబో యను యువకుడు పెరిగిన గడ్డముతో, చంకనొక మూటతో కెంటకీ రాష్ట్రపు చిన్నపట్టణమున ప్రవేశించును. అతడు చేసిన నేరము ఏమియు లేదు. ఆకలియగుచున్నది, తినవలెను. పోలీసు అధికారి టీసిల్ అతనిని ఊరి వెలుపల దింపివచ్చును. అతడు మరల వచ్చును. తుదకు దేశదిమ్మరియను అభియోగముపై చెరలో వేయును. ఇరుకుగదిలో గడ్డము గీయుటకు కత్తి దగ్గరకు రాగా, శత్రుదేశపు చెర అతనికి జ్ఞప్తికి వచ్చును. అటనుండి నెత్తురు పారినది.

ఈ నవల చదివినవారిలో పెక్కుమంది కత్తి ఘట్టముననే ఆగుదురు. యుద్ధస్మృతి రేగెను, మనుష్యుడు మృగమయ్యెనని తీర్పు చెప్పుదురు. వారు అంతకుముందరి పుటలను మరచుచున్నారు. అతనిని చెరకు తెచ్చినది స్మృతి గాదు, దిమ్మరియను అభియోగము. పైగా రచయిత ఇంకొక సంగతిని కథలో నిలిపెను: టీసిల్ కూడ యోధుడే. కొరియా యుద్ధమున శౌర్యపతకము పొందినవాడు. ఇద్దరును యుద్ధము చూచినవారే, ఇద్దరును చంపుట నేర్చినవారే. ఒకనికి ఉద్యోగమున్నది, ఊరున్నది, కావున అతడు చట్టము. వేరొకనికి అవి లేవు, కావున అతడు నేరము. యుద్ధమే మనుష్యుని చెరసాలకు పంపునదైనచో ఇద్దరును అందే యుండవలెను గదా! ఆ 1972లోనే అమెరికా సుప్రీంకోర్టు ఫ్లోరిడాయందలి జాక్సన్‌విల్ నగరపు దిమ్మరిచట్టమును అస్పష్టమైనదని కొట్టివేయుట గమనార్హము. నవలాకారుడు ప్రశ్నించినదానినే న్యాయమూర్తులును ప్రశ్నించిరి.

నవలలో రాంబో మరణించును. 1982 నాటి చలనచిత్రమున అతడు బ్రతికి లొంగిపోవును. అతనిని బ్రతికించిన చిత్రపరిశ్రమ అతనికి ఇల్లు మాత్రము ఈయలేదు. 1985లో వచ్చిన రెండవ చిత్రము ఖైదీలు రాళ్లు కొట్టు చోట మొదలై, అతనిని మరల యుద్ధమునకు పంపినది. ఇల్లడిగినవానికి తుపాకి నిచ్చినట్లయినది. లోకమంతటను రాంబో పేరు కండబలమునకు పర్యాయపదమై, అతడొకనాడు అన్నమునకై ఊరిలోనికి వచ్చిన దిక్కులేనివాడను సంగతి మరుగునబడినది. 2008లో వచ్చిన నాలుగవ చిత్రము చివర గాని అతడు తండ్రియింటి బాట పట్టలేదు. మొదటి చిత్రమునకును ఆ బాటకును నడుమ 26 ఏండ్లు. ఒక మంచి నవల ప్రజారంజకముగా మారుచు తన ముఖ్యప్రశ్నను ఎట్లు పోగొట్టుకొనునో తెలియుటకు ఇంతకు మించిన నిదర్శనము అరుదు.

ఇచట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. యుద్ధము మనసును గాయపరచుట లేదా? తప్పక గాయపరచును. ఆ గాయమునకు 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము తన రోగనిర్ణయ గ్రంథమున ప్రత్యేకస్థానము నిచ్చినది. మొరెల్ నవలలో ఆ గాయము లేదనుటయు సరిగాదు. కాని గాయమున్నవాడెల్ల నేరస్థుడు గాడు. గాయమునకు మందు దొరకుచోటు ఇల్లు. అది పుండుగా మారుచోటు వీథి. ఆ పుండును నేరముగా వ్రాయుచోటు పోలీసుఠాణా. నవలలు చూపు క్రమమిది. ఈ క్రమమును తలక్రిందులు చేసి, పుండుతోనే కథ మొదలైనదనుట విమర్శ గాదు.

కథలు చెప్పు ఈ సత్యమునకు లెక్కలును తోడ్పడుచున్నవి. అమెరికా న్యాయశాఖ గణనల ప్రకారము 1978లో ఆ దేశపు ఖైదీలలో సుమారు నాలుగవవంతు మాజీ సైనికులు. నిర్బంధ సైనికసేవ 1973లో నిలిచిన పిమ్మట జనాభాలోనే సైనికుల పాలు తగ్గగా, 2011–12 నాటికి అది నూటికి ఎనిమిదికి దిగినది. అప్పటికిని సంఖ్య 1,81,500. ఐతే ఆ గణనలోనే వేరొక అంశము కలదు. లక్షమంది మాజీ సైనికులకు 855 మంది చెరలో నుండగా, సైన్యమున పనిచేయని వయోజనులలో లక్షకు 968 మంది యుండిరి. యుద్ధవిద్య నేర్చినవాడు నేరమునకు ఎక్కువ మొగ్గునను మాటకు ఈ లెక్కలయందు ఆధారము లేదు.

ఇల్లు విషయమున లెక్కలు మరింత స్పష్టముగా మాటలాడును. అమెరికాలో ఒక్కరాత్రి గణనలో నిరాశ్రయులుగా తేలిన మాజీ సైనికులు 2010లో సుమారు 74,000 మంది; 2024 జనవరిలో 32,882 మంది. ఇరాకునుండియు ఆఫ్ఘనిస్తానమునుండియు సైనికులు గాయములతో తిరిగివచ్చిన కాలము కూడ అదియే. గాయములు తగ్గలేదు; నిరాశ్రయులు సగమునకు తగ్గిరి. ఇంటియద్దెకు సహాయపత్రమును, దానితోబాటు వైద్యునిని, సంఘసేవకునిని జతపరచిన పథకము 2008 తరువాత విస్తరించుట ఇందులకు ముఖ్యకారణములలో నొకటి. ఆ 2008లోనే న్యూయార్కు రాష్ట్రపు బఫెలో నగరమున మాజీ సైనికులకొరకు ప్రత్యేక న్యాయస్థానము వెలసినది. చెరకు బదులు చికిత్సకు పంపుట దాని మార్గము. కాని కథ అంతటితో ముగియలేదు. 2024 జూనులో అమెరికా సుప్రీంకోర్టు, ఆరుబయట పండుకొనుటను నగరములు శిక్షింపవచ్చునని ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో తీర్పు నిచ్చెను. టీసిల్ చేతికి చట్టము మరల చిక్కినది. పూమ్, రాంబోల కథలు పాతబడినవని చెప్పుటకు వీలులేదు.

పరదేశపు నవలలతో ప్రవాసాంధ్రుల కేమి పనియని యడుగువారుందురు. పని కలదు. ఈస్టిండియా కంపెనీ కాలమున ఉత్తరహిందూస్థానమున సిపాయికి వ్యవహారనామము ‘తిలంగా’. మదరాసునుండి వంగదేశమునకు క్లైవు వెంట వెళ్లిన తొలిసిపాయిలలో తెలుగువా రుండుటచే ఆ పేరు పుట్టి, తరువాత అయోధ్యావాసికిని బీహారువాసికిని కూడ అంటుకొనెను. 1857లో ఢిల్లీ పౌరులు తిరుగబడిన సిపాయిలను తిలంగాలనియే పిలిచిరి. ఒక జాతిపేరు ఒక వృత్తికి పేరగుట సామాన్యము గాదు. ఆ వృత్తి ముగిసిన పిమ్మట ఆ జాతివా రేమైరన్నది తెలుగువారు తప్పక అడుగవలసిన ప్రశ్న.

మదరాసు సైన్యమున కొక విశేషమున్నది. సిపాయి కుటుంబము పల్టను వెంట నడచెడిది. బళ్లారికి పోయినను, సికందరాబాదునకు పోయినను, నాగపురము చెంత కామఠీకి పోయినను భార్యాబిడ్డలు వెంటనే యుండిరి. దండులోని వరుసయిండ్లే వారి ఊరు. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున ‘యుద్ధజాతులు’ అను సిద్ధాంతము ప్రబలి మదరాసు దళములు అనేకము రద్దయినపుడు, పోయినది జీతము మాత్రమే గాదు, ఊరును పోయినది. తమిళదేశమునను, కర్ణాటకమునను, మహారాష్ట్రమునను, ఒడిస్సాయందును తరతరములుగా స్థిరపడిన తెలుగుకుటుంబములలో నేతకును, వర్తకమునకును, సేద్యమునకును వచ్చినవారి కథలు కొంతకు కొంత లిఖితమైనవి. పల్టను వెంట వచ్చి, పల్టను పోయిన పిమ్మట నిలిచిపోయినవారి కథలు అరుదు. తెలుగు కథానికలోను, నవలలోను కొలువు ముగిసిన సిపాయి ముఖ్యపాత్రగా నిలుచుటయు అరుదే. పల్నాటి వీరులను, బొబ్బిలి వీరులను గానము చేసిన జాతికి, చావక మిగిలినవానిని గూర్చి పాడుటకు గొంతు ఇంకను రాలేదు.

ఈ లోటు తీర్చుటకు ముందుగా కావలసినవి నవలలు గావు, ఆధారములు. దండువీథులలోని ముదుసలుల జ్ఞాపకములు, పింఛను పుస్తకములు, డిశ్చార్జి కాగితములు, పెట్టెల అడుగున పడియున్న పతకములు, అవి ఎప్పుడు ఎవరియొద్ద తాకట్టు పడినవను కుటుంబపు ముచ్చటలు, ఇవి సేకరింపదగినవి. తెలుగు బోధింపబడు పాఠశాలలు మిగిలియున్న చోట్ల పిల్లలచేతనే ఈ పని చేయింపవచ్చును. తాతగారి డిశ్చార్జి కాగితమును చదివి దాని పుట్టుపూర్వోత్తరములను తెలుగున వ్రాసిన బాలుడు, పాఠ్యపుస్తకములో దొరకని చరిత్రను, భాషను ఒకేసారి నేర్చును. అట్టి వ్రాతలు చేరిన పిమ్మట, తెలుగున పూమ్ వంటి పాత్రను సృజింపగల రచయితకు ముడిసరుకు కొదువ యుండదు. ఇండ్లు మారుచున్నవి, కాగితములు చెదలుపట్టుచున్నవి. కావున వివిధరాష్ట్రములలోని తెలుగు సంఘములు ఈ సేకరణమును జాగుచేయక చేపట్టవలసియున్నది.